మర్యాదకి మోగిన ట్యూనింగ్ ఫోర్కు

రాజమండ్రిలో నేను నరాల జబ్బుల పాఠాలు చెప్పే ఆస్పత్రికి ఆ ఏడు ఒకమ్మాయి చదువుకోవడానికి వచ్చింది. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబం. తెల్లకోటు జేబుల్లో కొత్త సుత్తి, ట్యూనింగ్ ఫోర్కు, టార్చి, పిన్నులు, దూది అన్నీ ఉండేవి. నడిచొస్తుంటే స్టీలు సామాన్ల బండి వస్తున్నట్టు చప్పుడయ్యేది. చురుకైన పిల్ల. రోగి తన బాధ చెప్పుకోవడం పూర్తయ్యేలోగా జబ్బు పేరు చెప్పేసేది. పేరు తోచకపోతే ఎమ్మారై చేయిద్దాం మేడమ్ అనేది.

ఒక రోజు పొద్దున్న వార్డులో ఆమెకి ఒక పెద్దాయన్ని అప్పగించాను. పెనుగొండలో కిరాణా కొట్టు ఉంది ఆయనకి. కొన్ని నెలలుగా నడక తూలుతోందని, కొట్లో నిచ్చెన ఎక్కడం కూడా మానేశారని భార్య వెంటబెట్టుకొచ్చింది.

మిగతా మంచాలు చూసి నేను తిరిగి వచ్చేసరికి తక్కిన విద్యార్థులు కూడా మంచం చుట్టూ చేరారు. అమ్మాయి సిద్ధంగా ఉంది.

"చిన్నమెదడు జబ్బు మేడమ్. కాళ్ళల్లో స్పర్శంతా బాగానే ఉంది. ఎమ్మారై..."

"ఆగమ్మా. స్పర్శ బాగుందని ఎవరు చెప్పారు?"

"ఆయనే మేడమ్. అడిగిన ప్రతిచోటా తెలుస్తోందన్నారు."

పెద్దాయన తలాడించారు. "పాపగారు చాలా బాగా చూశారండి."

నాకు అక్కడే అనుమానం వచ్చింది. మేం గోదావరివాళ్ళం ఎవరింట్లోనైనా పంచదార వేయడం మర్చిపోయిన కాఫీ ఇస్తే, బ్రహ్మాండంగా ఉందండీ అంటూ తాగేస్తాం. అలాంటి మనిషిని పట్టుకుని తెలుస్తోందా అండీ అని అడిగితే, లేదండీ అని ఎలా అంటారు?

అమ్మాయి జేబులోంచి ఫోర్కు తీసుకున్నాను. దాన్ని కొట్టి ఎముక మీద ఆనిస్తే, ఆ అదురు మనిషికి తెలుస్తోందో లేదో చూస్తాం. ఈసారి మాత్రం దేనికీ కొట్టకుండా, ఊరికే ఆయన కాలి బొటనవేలి మీద ఆనించాను.

"మోగుతోందా అండీ?"

"మోగుతోందండి."

"బాగానా?"

"చక్కగానండి."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మాయి ఫోర్కు వంక, నా వంక చూసింది. "మేడమ్, మీరు దాన్ని కొట్టనే లేదు."

"కొట్టలేదు. అయినా మోగింది చూడు."

పెద్దాయన నొచ్చుకున్నారు. "పాపం, పాపగారు వంగి వంగి అంత శ్రద్ధగా అడుగుతున్నారండి. ప్రతిదానికీ లేదు, లేదు అంటే ఏం బావుంటుంది? చదువుకునే పిల్ల, మార్కులు పోతాయేమోనని."

అమ్మాయి మొహం కందిపోయింది. "ఆయనకి మర్యాద చూపించే వీల్లేకుండా అడుగమ్మా," అన్నాను.

ఆమె నా చేతిలోంచి ఫోర్కు తీసుకుంది. "బాబాయిగారూ, కళ్ళు మూసుకోండి. ఒకసారి దీన్ని మోగిస్తాను, ఇంకోసారి మోగించను. మోగేది ఏదో మీరే చెప్పాలి. తప్పు చెప్పినా నాకు మార్కులేం పోవు."

చేతి మణికట్టు దగ్గర ఆయన ఒక్కటీ తప్పు చెప్పలేదు. బొటనవేలి దగ్గర, చీలమండ దగ్గర ఏమీ తెలియలేదు. తర్వాత కాలి వేలు పట్టుకుని, పైకి వంచానా కిందకి వంచానా అని అడిగితే, ఆయన ఒక కన్ను కొద్దిగా తెరిచారు. "మూసుకోమన్నారు కదండీ," అని భార్య చీర కొంగు ఆయన కళ్ళకి అడ్డంపెట్టింది. అప్పటినుంచి అన్నీ తప్పులే.

పాదాలు దగ్గరపెట్టి నిలబెట్టాం. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు బాగానే నిలబడ్డారు. మూసుకోగానే ఒరిగారు. పట్టుకోవలసిన అమ్మాయి ఆయన పాదాలనే తదేకంగా చూస్తూ ఉండిపోయింది. ఆయన వచ్చి నా మీద పడ్డారు. ఇద్దరు కుర్రాళ్ళు మా ఇద్దర్నీ కలిపి పట్టుకున్నారు.

"అయ్యో డాక్టరమ్మగారూ, తగిలిందా అండీ?" అని పడినాయనే నన్ను అడిగారు.

అప్పుడు భార్య చెప్పింది. "మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ఇలాగే ముందుకి పడబోతారండి. దారిలో చెప్పు జారిపోయినా తెలియదు. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చేస్తారు. కొట్టు ధ్యాసేమో అనుకున్నాను."

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాను.

అమ్మాయి వెంటనే జవాబు చెప్పకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. "కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకి కబురు అందడం లేదు మేడమ్. ఇన్నాళ్ళూ కళ్ళతో చూసుకుని నెట్టుకొస్తున్నారు. చిన్నమెదడు కాదు. వెన్నుపాము."

"ఎందుకొచ్చిందంటావు?"

ఆమె నాకు జవాబు చెప్పకుండా భార్య వైపు తిరిగింది. "పిన్నిగారూ, ఆయన ఏం తింటారండీ?"

శుద్ధ శాకాహారం. దానికి తోడు పాల వాసన చిన్నప్పటినుంచీ పడదు. "మా వంశంలో పెరుగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేచే మనిషి ఈయనొక్కరే," అందావిడ, ఇన్నేళ్ళకి ఆ మాట వినేవాళ్ళు దొరికినందుకు తృప్తిగా.

మాంసం, గుడ్లు, పాలల్లో దొరికే బీ ట్వెల్వ్ విటమిన్ ఆయన రక్తంలో బాగా తక్కువగా ఉంది. ఎమ్మారై కూడా చేయించాం, పిల్ల ముచ్చట మాత్రం ఎందుకు కాదనాలి. అందులోనూ వెన్నుపాములోనే జబ్బు కనిపించింది. ఇంజక్షన్లు మొదలుపెట్టాం.

కొన్ని నెలల తర్వాత ఆయన ఎవరి ఆసరా లేకుండా నడిచొచ్చారు. కళ్ళు మూసుకుని నిలబడితే కొంచెం ఊగారు గానీ పడలేదు. ఈసారి అమ్మాయి రెండు చేతులూ చాచి దగ్గరగా నిలబడింది. కాలి వేళ్ళ చివర మొద్దుతనం మిగిలింది. అది పూర్తిగా పోకపోవచ్చని చెప్పాను. "నడుస్తున్నాను కదండీ, చాలు," అన్నారు. పెరుగు సంగతి అడిగితే మాత్రం, ఎన్ని ఇంజక్షన్లయినా పొడిపించుకుంటాను గానీ దాని జోలికి మాత్రం వెళ్ళనన్నారు.

బయలుదేరబోతూ ఆగి, "పాపగారూ, మా ఆవిడ మోకాళ్ళు కూడా ఒకసారి చూద్దురూ," అన్నారు.

"నాకేం లేదండీ, పదండి," అందావిడ.

అమ్మాయి కుర్చీ జరిపి ఆవిడని కూర్చోబెట్టింది. "నొప్పి మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా పిన్నిగారూ?"

ఓపీ లైను అప్పటికే తలుపు దాటి వరండాలోకి వెళ్ళింది. నేను తర్వాతి మనిషిని నా బల్ల దగ్గరికి రమ్మన్నాను.