కూలి లేచిన కొబ్బరిచెట్టు

మా ఆయన అరకు చూసి వచ్చిన రోజు నుంచీ ఇంట్లో మనశ్శాంతి లేదు. కవిటి దగ్గరి మా కొబ్బరితోటలో రెండు గదులు కట్టి, పట్నం వాళ్ళకు అద్దెకిద్దామనుకున్నాం. అంతవరకూ బాగానే ఉంది. అక్కడ చూసినవన్నీ ఇక్కడా పెట్టాలని ఈయన పట్టు. వరసగా గుడారాలు కావాలట, వాటి ముందు చలిమంట కావాలట.

"అక్కడ కొండలు, సలి. మనకేటుంది? ఇసక, గాలి, ఉక్కపోత. ఉక్కపోతలో మంటేటి మావా?" అన్నాను.

"టూరిస్టులు అదే అడుగుతారే. నీకు తెల్దు," అన్నాడు.

మంట సంగతి పోనిద్దును. గుడారాలకు అడ్డమని ఓ చెట్టు కొట్టించేస్తానన్నాడు, అక్కడ వచ్చింది గొడవ. కొన్నేళ్ళ కిందట వచ్చిన తుఫానులో మా తోట చాలావరకు నేలమట్టమైంది. పడిన చెట్లలో ఇదొక్కటే సగం వేళ్ళతో బతికింది. నేనే తట్టలతో మట్టి మోసి దాని మొదట్లో పోశాను. మొండిది, నేలమీద పడుకునే మెడ పైకెత్తి పెరిగింది. ఇప్పుడు గెలలు కూడా వేస్తోంది. దానిమీద గొడ్డలి పడితే పుట్టింటికి పోతానని చెప్పేశాను. మా పుట్టిల్లు సోంపేట, ఆటోలో అరగంట. అందుకని ఆయనేం బెదరలేదు. మొదటి అతిథులు వెళ్ళగానే, సోమవారం కొట్టడానికి మనిషిని కుదుర్చుకున్నాడు.

ఆ అతిథులు హైదరాబాదు నుంచి వచ్చారు, ఒకే కుటుంబం. సాయంత్రం ఈయన ఎంతో సరదాగా మంట వేశాడు. పాపం, మర్యాదకు కాసేపు కూర్చున్నారు. చెమటలు కారిపోతుంటే ఒక్కొక్కరే జారుకున్నారు. చూద్దును కదా, అందరూ నా చెట్టు మీదే! సముద్రపు గాలి బాగా తగిలేది అక్కడే మరి. పిల్లలు దిగమంటే దిగరు. వాళ్ళ నాయనమ్మ కూడా మానుమీద హాయిగా చతికిలబడింది. నాకెంత సంతోషమేసిందంటే, అడక్కుండానే అందరికీ పనసతొనలు పట్టుకెళ్ళాను.

మంట దగ్గర ఈయనొక్కడే మిగిలాడు. కాసేపటికి తనూ వచ్చాడు.

"ఈ చెట్టు ఇలా ఎలా పెరిగిందండీ?" అని అడిగింది నాయనమ్మ.

నేను నోరు తెరిచేలోగా ఈయనే అందుకున్నాడు. "తుఫానుకి పడిపోనాదండి. తెల్లారి వచ్చి సూత్తే, మా ఆవిడ దీని పక్కన కూకోని ఏడుత్తంది. ఏటని ఓదార్సాలో తెలీక, సూడనట్టు ఎలిపోనాను."

ఇన్నేళ్ళూ ఆ రోజు నన్నెవరూ చూడలేదనే అనుకున్నాను.

ఈయన పక్కకెళ్ళి, చెట్లు కొట్టే మనిషికి ఫోన్ చేశాడు. "సోమారం రాకు బావా. కొట్టడానికి మా కాడ సెట్టేదీ నేదు," అన్నాడు. నేను విననట్టు వంటింట్లోకి వెళ్ళిపోయి, తనివితీరా నవ్వుకున్నాను.