గంజి చొక్కా, నీలం సీసా

పుంగనూరులో కృష్ణప్ప నడిచి వస్తుంటే మనిషికంటే ముందు చొక్కా వచ్చేది. సందు మలుపులో పెళపెళమని చప్పుడైతే చాలు, అరుగుల మీద కూర్చున్నవాళ్లు బీడీలు ఆర్పి సర్దుకునేవాళ్లు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. రెండూ గంజి తాగి తాగి ఎంత బిగుసుకుపోయి ఉండేవంటే, లోపల కృష్ణప్ప లేకపోయినా వాటంతట అవే నడిచి వెళ్లి కుర్చీలో కూర్చోగలవనిపించేది. ఎదురుగా ఉన్నంతసేపూ "రాప్పా, కూసో" అని మర్యాద చేసేవాళ్లు, వీపు తిప్పగానే "గంజి కృష్ణప్ప పోయినాడు" అనుకునేవాళ్లు. ఆ మాట ఆయన చెవినా పడింది. దాన్ని కూడా బిరుదు కిందే జమ వేసుకున్నాడు.

ఆయన పని పెద్దమనిషితనం. సోమల దగ్గర పల్లెలో మెట్ట చేను ఉంది, వాన పడితే వేరుశెనక్కాయ, పడకపోతే బీడు. దాన్ని పంటలో వాటా మీద కోరుకి ఇచ్చేసి పుంగనూరులో కాపురం పెట్టి, అన్నదమ్ముల భాగాలకూ, గట్టు తగాదాలకూ, మొగుడూ పెళ్లాల అలకలకూ మధ్యస్తం చేస్తూ తిరిగేవాడు. తొంభైల్లో సోమల, సదుం పల్లెల్లో ఆయన లేకుండా పంచాయితీ కూడేది కాదు. అంత పేరున్న మనిషి చెప్పే తీర్పు ఏమిటయ్యా అంటే ఒకటే. ఇరుపక్షాలూ గొంతు పోయేదాకా అరిచాక ఆయన పెళపెళమంటూ లేచి నిలబడి, "ఇద్దరూ రవంత తగ్గండప్పా" అనేవాడు. అంతే. ఆ మాట ఎవరైనా చెప్పగలరు. కానీ గంజి లేనివాడు చెబితే వినే దిక్కెవరు?

ఈ రహస్యం ఆయనకు కుర్రతనంలోనే తెలిసింది. ఒకసారి ఎవరి పెళ్లిలోనో తన చొక్కా మీద సాంబారు ఒలికితే, పెళ్లికొడుకు మేనమామ దగ్గర గంజి పెట్టిన చొక్కా ఒకటి బదులు తీసుకుని తొడుక్కున్నాడు. అంతవరకు చాప మీద కూడా చోటివ్వనివాళ్లు లేచి కుర్చీ వేశారు. కృష్ణప్ప ఆ రోజు భోజనంలో ఏం తిన్నాడో మరిచిపోయాడు గాని, ఆ కుర్చీని మాత్రం మరిచిపోలేదు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుందన్న సామెతను అప్పటినుంచే పట్టుకున్నాడు. పట్టుకున్నది ఆయనే అయినా మోసింది మాత్రం పెళ్లాం చెంగమ్మ.

గంజి తాగేవాడికి మీసాలెగబట్టేవాడొకడని సామెత. ఆ ఇంట్లో గంజి తాగేది చొక్కా, మీసాలు ఎగబట్టేది చెంగమ్మ. ఇంట్లో మనుషులు రాగి సంగటి తినేవాళ్లు, చొక్కా కోసం మాత్రం ప్రత్యేకంగా బియ్యం వండేవాళ్లు. గంజి వేడివేడిగా ఉన్నప్పుడే బట్ట ముంచాలని కృష్ణప్ప శాసనం, ఆరితే పట్టదట. ఆ వేడిలో చేతులు పెట్టి ముంచి, పిండి, ముడత లేకుండా లాగి ఎండేసి, నీళ్లు చిలకరించి బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో రుద్దేది చెంగమ్మ. అరచేతులు ఎండిన చెరువు మాదిరి పగిలి ఉండేవి. ఇంత చేసి చొక్కా చేతికిస్తే, ఆయన రెండు వేళ్లతో కాలరు పట్టి నలిపి చూసి, కొనబోయే ఎద్దు పళ్లు చూసినవాడిలా పెదవి విరిచి, "ఇంకా రవంత పట్టాల" అనేవాడు. పెళ్లయినప్పటి నుంచి ఏ చొక్కాకైనా అదే మాట. బాగుందని ఒక్కనాడూ అనలేదు.

ఆయన పడే బాధా తక్కువేం కాదు, నిజం చెప్పుకోవాలి. మదనపల్లెకు బస్సెక్కితే, సీట్లు ఖాళీగా ఉన్నా ముడత పడుతుందని కడ్డీ పట్టుకుని దారి పొడుగునా నిలబడేవాడు. కుర్చీలో అంచు మీద కూర్చునేవాడు. మెడ చుట్టూ కాలరు కోసుకుని ఎర్రగా పొక్కితే పౌడరు అద్దుకుని, అది చెమటకు ముద్దకట్టి ఇంకా మండితే పంటి బిగువున నవ్వేవాడు. మనవరాలు జాహ్నవి పుట్టినప్పుడు కూడా చేతులు చాపలేదు. పసిబిడ్డ, చొక్కా నలుపుతుందని భయం. దూరం నుంచే చిటికె వేసి ముచ్చట తీర్చుకున్నాడు.

ఆ జాహ్నవికి నాలుగేళ్లు వచ్చిన వేసవిలో, అంటే రెండువేల సంవత్సరం దాటాక, కూతురు మాధవి కుప్పం నుంచి వచ్చింది. తల్లి పగిలిన చేతులు తిప్పి చూసింది. సంచిలోంచి నీలం సీసా ఒకటి తీసి ఇచ్చింది. బెంగుళూరు నుంచి కుప్పం అంగళ్లకు కొత్తగా వచ్చిన సరుకట. బట్టలుతికాక చివరి నీళ్లలో ఒక్క మూత కలిపి ముంచి ఆరేస్తే చాలు, బట్టలు బ్రహ్మాండంగా ఉంటాయని చెప్పింది. తమ ఇంట్లో చీరలకూ, బిడ్డ గౌన్లకూ అదే వాడుతున్నామంది. బిడ్డను సెలవులకు అవ్వాతాతల దగ్గర వదిలి, తర్వాతి బస్సుకే కుప్పం వెళ్లిపోయింది.

కృష్ణప్ప సీసా మూత తీసి చూశాడు. చిక్కగా, తెల్లగా, అచ్చం గంజి. చివరి నీళ్లలో కలపాలి, అదీ గంజి పద్ధతే. బట్టలు బ్రహ్మాండంగా ఉంటాయి అంటే ఆ ఇంట్లో అర్థం ఒకటే. సీసా మీద రాసింది ఇంగ్లీషు, చదవగలిగింది ఎవరు గనక? పట్నంవాళ్లు గంజిని కూడా సీసాలో పోసి అమ్ముతున్నారని ఆయన మురిసిపోయాడు. వాసన కూడా మల్లెపూలదాయె. ఇక పొయ్యి మీద గంజి మానేయమని అప్పటికప్పుడే చెంగమ్మకు ఉత్తర్వు ఇచ్చాడు.

మొదటి చొక్కా ఆరాక కాలరు నలిపి చూశాడు. నలిగింది. నలిగి అట్లాగే ఉండిపోయింది.

"ఏం మే, ఒగ మూత పోస్తే ఏం పడతాది. ఇంకా పొయ్యి" అన్నాడు.

"ఇది గంజి మాదిరి ల్యాదప్పా. చేతికి అంటుకోలేదు" అంది చెంగమ్మ.

టౌను సరుకు సంగతి నీకేం తెలుసని ఆయన కసిరాడు. మర్నాడు ఆమె రెండు మూతలు పోసింది. చొక్కా ఇంకా మెత్తబడింది. ఇంకా పొయ్యమన్నాడు, పోసింది. పోసిన కొద్దీ చొక్కా పాతబడిన తలదిండు గలేబులా వేలాడసాగింది. ఎండ చాలలేదేమోనని ఆయనకు అనుమానం వచ్చి, తొడుక్కున్న చొక్కాతోనే మిద్దె మీద మిట్టమధ్యాహ్నం నిలబడ్డాడు. చొక్కా బిగియలేదు గాని నెత్తి మాడింది. బక్కెట్లో మిగిలిన నీళ్లు పారబోయడం ఎందుకని చెంగమ్మ తువ్వాళ్లు కూడా అందులోనే జాడించింది. కృష్ణప్ప స్నానం చేసి తుడుచుకుంటే తువ్వాలు ఒంటి మీద సున్నితంగా జారుతుందే తప్ప నీళ్లు పీల్చదు. పెద్దమనిషి తడి ఒంటితో కాసేపు ఇల్లంతా తిరిగి ఆరాల్సి వచ్చేది.

అయితే ఆ రోజుల్లో ఇంకోటి కూడా జరిగింది. మెడ మీద పొక్కులు మానిపోయాయి. ఒక సాయంత్రం జాహ్నవి వచ్చి, అడగకుండానే ఆయన ఒళ్లోకెక్కి, భుజం మీద చెంప ఆనించి నిద్రపోయింది. కృష్ణప్ప కదల్లేదు. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు. బిడ్డ ఊపిరి మెడకు తగులుతుంటే ఆయనకు చాలా సుఖంగా అనిపించింది. ఎన్నేళ్లుగా దేన్ని పోగొట్టుకున్నాడో ఆ కాసేపు తెలిసింది. తెలిసినందుకు సిగ్గు కూడా పడ్డాడు, ఎవరైనా చూశారేమోనని వాకిలి వైపు చూశాడు.

ఇంతలో సదుం నుంచి కబురు వచ్చింది. బాలప్ప, రామప్ప అని అన్నదమ్ములు, ఉమ్మడి బోరు నీళ్ల వంతు దగ్గర కొట్టుకునేదాకా వచ్చారు. ఆ పిలుపు కోసం కృష్ణప్ప కాచుకుని ఉన్నాడు. ఎందుకంటే ఏడాదిగా పిలుపులు తగ్గాయి. సుబ్రమణ్యమని రిటైరైన గుమాస్తా ఒకడు, గళ్ల చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, పల్లెల్లో మధ్యస్తాలు మొదలుపెట్టాడు. ఈ సదుం పంచాయితీ చేజారితే ఇక ఎవరూ పిలవరని కృష్ణప్పకు తెలుసు. అందుకని చొక్కాకు ఈసారి సీసా అడుగు దాకా పోయించాడు.

సదుంలో ఆయన మలుపు తిరిగి వస్తుంటే ఎవరూ బీడీ ఆర్పలేదు. చప్పుడే లేదు, ఎట్లా ఆర్పుతారు? వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా నిలబెట్టకపోవడంతో వెన్ను వంగి, కుర్చీలోకి జారిపోయాడు. అరుపులు ముదిరాక, అలవాటు చొప్పున లేచి నిలబడ్డాడు. మల్లెపూల వాసన గుప్పుమంది. ఒకరిద్దరు ఆడవాళ్లు తలతిప్పి ఎవరో పూలు పెట్టుకొచ్చారేమోనని చూశారు. అంతకుమించి ఏమీ జరగలేదు. "ఇద్దరూ రవంత తగ్గండప్పా" అన్నాడు. రామప్ప ఆయన భుజం మీద చేయి వేసి పక్కకు నెట్టి, అన్న మీదికి దూకబోయాడు. ఇన్నేళ్లలో కృష్ణప్ప చొక్కా మీద చేయి వేసినవాడు లేడు.

అప్పుడే సుబ్రమణ్యం వచ్చాడు. ఆయనకు కుర్చీ వేయడానికి చోటు చాలక, ఎవరో కృష్ణప్పతో అన్నారు.

"కొంచెం జరుగప్పా."

జరిగాడు. సుబ్రమణ్యం జేబులోంచి ఒక పెన్ను తీసి, ఏమీ రాయకుండా, దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇద్దరూ కాస్త తగ్గాలి అన్నాడు. అన్నదమ్ములిద్దరూ తలొంచుకున్నారు. ఎంత చక్కగా చెప్పినాడప్పా అని ఊరు ఊరంతా మెచ్చుకుంది. కృష్ణప్పకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి భుజం మీది తువ్వాలు తీశాడు గాని, అది కూడా సీసా నీళ్లు తాగిందే. కన్నీళ్లు దాని మీద జారాయి.

ఇంటికొచ్చేసరికి మాధవి ఉంది, నాలుగు దినాలుండి బిడ్డను తీసుకుపోదామని వచ్చింది. ఖాళీ సీసాను చూసి, ఏడాదికి వచ్చేది ఒక నెలలో ఎట్లా అయిపోయిందని తల్లిని అడుగుతోంది. సంగతి విని మొదట నవ్వింది. తండ్రి ముఖం చూసి నవ్వు ఆపుకుంది.

"ఇది గంజి గాదు నాయనా. బట్ట మెత్తగా రావల్లని పోసేది. దీన్ని పోసి బిర్రుగా రావల్లంటే యాడొస్తాది?"

కృష్ణప్ప చెంగమ్మ వైపు తిరిగాడు. నీకు ముందే తెలుసునా అని అడిగాడు. మొదటి దినమే తెలిసిందని, చెప్పాను కదా అని ఆమె అంది.

"మళ్లీ యాల పోస్తివి?"

"నువ్వు ఇంకా పొయ్యి అంటివి, నేను పోస్తి. ఇన్నేండ్లూ నువ్వు చెప్పినట్ల చేస్తిని. ఇదొగటి యాల చెయ్యకుండా పోతాను?"

ఆ మాటలో కోపం లేదు. అదే ఆయనను ఎక్కువ కోసింది. రేపట్నుంచి మళ్లీ పొయ్యి మీద గంజి పెట్టమని ఆజ్ఞాపించాడు. చెంగమ్మ రెండు అరచేతులూ ఆయన ముందు పెట్టింది. పగుళ్లు పూడి, చర్మం కొత్తగా, లేతగా ఉంది.

"మానినాయి. మళ్లీ పగలగొట్టుకోలేను. బియ్యం ఆడుండాయి, పొయ్యి ఈడుండాది. నువ్వే పెట్టుకో."

అట్లా కృష్ణప్ప తన జన్మలో మొదటిసారి గంజి కాచాడు. మెతుకులు వడకట్టాలని తెలియక అట్లాగే ముంచితే, చొక్కా వీపు మీద మెతుకులు అతుక్కుని, తీగె మీద ఉండగానే కాకులు పొడుచుకు తిన్నాయి. రెండోసారి మరీ చిక్కనై, చొక్కా చేతులు అతుక్కుని మూసుకుపోయాయి, చీల్చుకుని తొడుక్కోవాల్సి వచ్చింది. గంజి వేడి మీదే ముంచాలని శాసనం చేసింది తానే కదా. వేళ్లు పెట్టి, కెవ్వుమని తీసి, ఊదుకుని, మళ్లీ పెట్టాడు. పొక్కులు లేచాయి. ఎవరూ సాయం రాలేదు, ఆయనా అడగలేదు.

చివరికి ఒకటి కుదిరింది. వియ్యంకుల తరపున గుడుపల్లెలో ఏదో చిన్న తగవు ఉందని మాధవి చెప్పింది, కూతుర్నీ మనవరాలినీ కుప్పంలో దించి అక్కడికి పోవాలని ఆయన ఆత్రం. తెల్లవారి చొక్కా తొడుక్కుని వసారాలో నిలబడ్డాడు. పెళపెళమంది. ప్రాణం లేచి వచ్చింది.

జాహ్నవి నిద్రకళ్లతో వచ్చి చేతులు చాపింది. ఈసారి కృష్ణప్ప ఎత్తుకున్నాడు. బిడ్డ భుజం మీద చెంప ఆనించి, వెంటనే తల తీసేసింది.

"గుచ్చుకుంటాంది తాతా" అని దిగిపోయి, అవ్వ చీర కొంగు చెంపకు పెట్టుకుని నిలబడింది.

కృష్ణప్ప పొక్కులెక్కిన చేతులతో చొక్కా ముందు భాగం సవరించుకున్నాడు. చెంగమ్మ ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఉండబట్టలేక, ఎట్లుండాదని తనే అడిగాడు.

చెంగమ్మ దగ్గరికి వచ్చింది. రెండు వేళ్లతో కాలరు పట్టి, నిదానంగా నలిపి చూసి, పెదవి విరిచింది.

"ఇంకా రవంత పట్టాల" అంది.