రూళ్ళకర్ర తిన్న దారి

మా బావమరిది ఒక రోడ్డును తినేశాడు. కిలోమీటరున్నర పొడవు. మధ్యలో గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగలేదు.

సరే, మొత్తం తినలేదు. వెడల్పులో ఐదడుగులే తిన్నాడు. అదీ నోటితో కాదు, ట్రాక్టరు గొర్రుతో. ఒక్క రోజులో కూడా కాదు, ఇరవై ఏళ్ళు పట్టింది. అబద్ధమాడటం నాకు చేతకాదు కాబట్టి ఈ సవరణలు ముందే చెప్పేస్తున్నాను.

అతను మా ఆవిడకు తమ్ముడు. పొలాలు దున్నడం అతని పని. ఊరి తూర్పు దారికి రెండు పక్కలా ఉన్న పొలాలన్నీ అతని పాత ట్రాక్టరే దున్నుతుంది. అతని దుక్కి ఎంత తిన్నగా ఉంటుందంటే అందరూ అతన్ని రూళ్ళకర్ర అంటారు. రూళ్ళకర్ర తిన్నదనం ఎలాంటిదో కాన్వెంటులో చదివిన నా అరచేతులకు బాగా తెలుసు. పేరు సరిగ్గానే పెట్టారు.

దుక్కి మొదలయ్యే రోజున ప్రతి రైతూ గట్టు మీదికి వచ్చి అతనికి ఒకే మాట చెప్పేవాడు: "కాస్త అవతలికి పోనీవోయ్." అవతల ఉన్నది దారి. మా వాడికి కాదనడం రాదు. పెళ్ళిచూపుల్లో కూడా "సరేనండి" తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. అలా ఏటా ఈ పక్క రెండు వేళ్ళు, ఆ పక్క రెండు వేళ్ళు. పన్నెండడుగుల దారి ఏడడుగులకు వచ్చింది. ఆ ఏడింటిలో మూడు గుంటలవే.

ఆ దారి చిట్టచివర అతనికి సొంతంగా ఒక ఎకరం ఉంది. అక్కడ టమోటాలు పండించేది అతని భార్య, నాకు చెల్లెలి వరస. కూరగాయల వ్యాను ఒకసారి లోపలికొచ్చి బురదలో దిగబడింది. నలుగురు నెట్టి బయటపడేశాక డ్రైవరు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. పైర్లు ఎదిగాయంటే ట్రాక్టరుకూ దారి ఉండదు. అందుకని ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని కిలోమీటరున్నర నడిచేది. ఒక వానరోజున జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేలోపు సగం పంట మొక్కల మీదే కుళ్ళిపోయింది.

ఆవిడ చెయ్యి విరిగిన వారమే రోడ్లు వేయించే ఇంజనీరమ్మ టేపు పట్టుకుని వచ్చి కొలిచింది. ఏడడుగులే తేలింది. "పన్నెండడుగులు ఉంటేనే కంకర వేస్తాం. విత్తనాలయ్యాక ఇంకొక్కసారి వచ్చి కొలుస్తా. అప్పుడూ లేకపోతే ఈ కంకర వేరే ఊరికి పోతుంది," అని చెప్పి వెళ్ళింది.

రైతులు సమావేశం పెట్టుకున్నారు. దారి వెడల్పు కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఎటునుంచి అన్న దగ్గరే చిన్న తేడా వచ్చింది. ప్రతివాడూ ఎదుటి పక్కనుంచి అన్నాడు.

"నా గట్టు మా తాత పోసింది. అంగుళం కదల్లేదు. కదిలిందల్లా ఆ మొక్కజొన్నాయన గట్టే," అన్నాడు మిరపతోట పెద్దాయన.

"నా గట్టుకి కాళ్ళున్నాయా, కదలటానికి?" అన్నాడు ఎదుటి మొక్కజొన్నాయన.

రెండు గట్లూ కదిలించిన మా రూళ్ళకర్ర మూల కూర్చుని తన చెప్పులు చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక చెల్లెమ్మ కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఏం తేల్చారు?"

"ఏం లేదు."

"అయితే ఈ ఏటితో తోట ఆపేస్తా. కుళ్ళబెట్టడానికి నేను పండించలేను."

"అంత మాటెందుకే. వాళ్ళు ఇవ్వనంటే నేనేం చెయ్యను?"

"వాళ్ళదగ్గర ఏముంది ఇవ్వటానికి? తిన్నది నువ్వు. నువ్వే కక్కు."

మా వాడు "సరేనండి" అన్నాడు. పెళ్ళానికి "అండి" తగిలించడం అదే మొదలని వినికిడి.

విత్తనాలకు ముందు మూడు దుక్కులుంటాయి. ఒక్కో దుక్కికి ఒక్కో పక్క జానెడు పైచిలుకు వదిలెయ్యాలని అతని లెక్క. రైతులంతా గట్టు మీదే ఉండగా ఇదెలా సాధ్యమని మీరు అడగొచ్చు. అక్కడే ఉంది కిటుకు. రైతు వచ్చి "కాస్త అవతలికి పోనీవోయ్" అనేవాడు. ఇతను "సరేనండి" అనేవాడు. ఆ తర్వాత రైతు తన పొలానికి వీపు తిప్పి, దారికి అవతల ఎదుటివాడు ఎంత తిన్నాడా అని కళ్ళు చిట్లించి చూస్తూ నిలబడేవాడు. కాపలా అంతా ఎదుటి గట్టు మీదే. వీపు వెనక ట్రాక్టరు గట్టు మట్టిని లోపలికి లాక్కుంటూ జానెడు ఇవతలే తిరిగిపోయేది. మూడు దుక్కుల్లోనూ ఒక్కడంటే ఒక్కడు వెనక్కి తిరగలేదు.

చిక్కు మిరపనారు నాటాక వచ్చింది. పెద్దాయన సాళ్ళు లెక్కపెట్టుకుని నేరుగా ఇంటికొచ్చాడు.

"ఏమయ్యా, నిరుడు ముప్పై ఆరు సాళ్ళు. ఈసారి ముప్పై అయిదే. ఒకటేమైంది?"

చెల్లెమ్మ లోపల గిన్నె తోముతున్నదల్లా ఆగిపోయింది. కొలతకు ఇంకా నాలుగు రోజులున్నాయి. పెద్దాయన ఒక్కడు గొర్రు పట్టించి గట్టు జరిపిస్తే చాలు, మిగతావాళ్ళంతా అదే పని చేస్తారు.

మా వాడు తల గోక్కున్నాడు. "మీకు ఒక్కటేనాండీ తగ్గింది? మొక్కజొన్నాయనకి రెండు తగ్గాయంటున్నారు."

పెద్దాయన ముఖం మెల్లగా వికసించింది. "రెండా? నిజంగా రెండా?"

"విన్నానండీ."

"చూశావా, ఎక్కువ తిన్నవాడికి ఎక్కువే తగ్గుతుంది," అని ఆయన మంచినీళ్ళు అడిగి తాగి, హాయిగా వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు ఇంజనీరమ్మ టేపు పరిచింది. పన్నెండడుగుల ఒక అంగుళం. చివరిదాకా కొలిచినా ఎక్కడా తగ్గలేదు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచింది. రైతులంతా నోళ్ళు తెరిచి ఆ టేపునూ, తర్వాత ఎదుటివాళ్ళనూ చూశారు. ప్రతి ముఖంలోనూ ఒకటే సంతోషం: పోయింది వాడిదే. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంటే తన గట్టు కూడా కొలుస్తారని ప్రతివాడికీ తెలుసు.

నెల తిరక్కుండా కంకర పడింది, రోలరు తిరిగింది. దణ్ణం పెట్టి పోయిన వ్యాను డ్రైవరు హారన్ కొట్టుకుంటూ చెల్లెమ్మ తోట దాకా వచ్చాడు. ఆవిడ టమోటాలు కోసిన రోజే సంతకు చేరుతున్నాయి.

ఇదంతా రాసి, మొన్న తీసుకెళ్ళి బావమరిదికి చదివి వినిపించాను. అతను గొర్రుకు గ్రీజు రాస్తూ విన్నాడు. చెల్లెమ్మ టమోటాలు ఏరుతూ అటు తిరిగి కూర్చుంది. ఆవిడ భుజాలు ఎందుకో కదులుతున్నాయి.

"ఎలా ఉందిరా?" అన్నాను.

అతను దారి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అంతా అబద్ధం, బావా. నేనెవరి పొలంలోనూ జానెడు కూడా వదల్లేదు. ఆ దారి ఎప్పుడూ పన్నెండడుగులే. మొదటిసారి ఆ ఇంజనీరమ్మే టేపు తప్పుగా పట్టుకుంది. ఎవరడిగినా నువ్వూ ఇదే చెప్పు."