సోమవారం ఆట ఉండదు

మా వియ్యపురాలు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న మా అమ్మాయి కాఫీ తీసుకుని ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి, దిండ్లకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నారట. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఒళ్ళో గ్రాఫు పుస్తకం. నేను పక్క గదిలోనే ఉన్నాను. పొయ్యి కట్టేశానో లేదో అని అప్పటికే రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి చూసి వచ్చాను. ఆవిడ గది తలుపు తోసి చూడాలని మాత్రం తోచలేదు. జరగనివాటికి భయపడుతూ కూర్చుని, జరిగేదాన్ని వదిలేసే మనిషిని నేను. ఆవిడ అలా కాదు. ఆవిడ చూసేవారు. అంత బాగా చూడడం వచ్చిన మనిషిని నేను ఇంకొకరిని ఎరగను. అందుకే రాస్తున్నాను. ఐదో తరగతితో చదువు ఆగినదాన్ని, నా అక్షరాలు పెద్దవిగా వస్తాయి, కాగితాలు ఎక్కువే పట్టాయి.

ఆవిడ కొడుక్కి మా అమ్మాయినిచ్చాం. వాళ్ళాయన పోయాక ఆవిడా, మా ఆయన పోయాక నేనూ అమెరికాలో ఈ మోరిస్‌విల్‌లో పిల్లల దగ్గరికి వచ్చేశాం. ఒకే ఇంట్లో ఎనిమిదేళ్ళు. గుడిలో కనబడినవాళ్ళు "ఇద్దరు వియ్యపురాళ్ళు, ఒకే వంటిల్లా!" అని కళ్ళు పెద్దవి చేసేవారు. నిజమే, మొదట్లో నాకు వణుకే. మగపెళ్ళివారి తరఫు మనిషి కదా. పప్పులో ఉప్పు ఎక్కువైందేమో, ఆవిడకంటే ముందు కూర్చున్నానేమో, గట్టిగా దగ్గానేమో అని. ఒకరోజు ఆవిడే అన్నారు: "వదినగారూ, పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఇంకా విడిదింట్లో ఉన్నట్టు నిలబడతారేంటండీ? కూర్చోండి. చిక్కుడుకాయలు ఈనెలు తీద్దాం."

ఆవిడ మా వైపు పల్లెటూళ్ళలో నర్సమ్మగా చేసి రిటైరయ్యారు. ఊరూరా తిరిగి పసిపిల్లల్ని గుడ్డ సంచిలో కూర్చోబెట్టి, త్రాసుకి వేలాడదీసి, బరువు చూసి కార్డు మీద చుక్క పెట్టేవారట. నెలకో చుక్క. చుక్కలు కలిపితే గీత. "బరువు ఎంతన్నది కాదండీ. గీత ఎటు నడుస్తోందన్నది చూసుకోవాలి" అనేవారు. ఆ అలవాటే ఆవిడని బేస్‌బాల్ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఈ ఆట సంగతి తెలియనివాళ్ళకి నాకు తెలిసినంత చెబుతాను. పెద్ద నగరంలో ఒక పెద్ద జట్టు ఉంటుంది. టీవీలో కనిపించేది అదే. దాని కింద బడిలో తరగతుల్లాగా చిన్న జట్లు, ఒక్కో ఊళ్ళో ఒక్కోటి. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లల్ని ఎక్కడెక్కడినుంచో తెచ్చి కింది తరగతిలో వేస్తారు. బాగా ఆడితే పై తరగతి, పై ఊరు. పెద్ద జట్టు దాకా చేరేది కొద్దిమందే. మిగతా పిల్లలు మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోతారు. మా ఇంటికి కాస్త దూరంలో ఉన్నది కింది తరగతి జట్టు.

మొదటి వేసవిలో మా అల్లుడుగారు సరదాకని మా ఇద్దర్నీ తీసుకెళ్ళారు. నాకు బంతి వచ్చి ఎవరి నెత్తిన పడుతుందోనని ఒకటే దడ. పట్టుబట్టి వల వెనక కుర్చీలు తీయించాను. ఆ పిల్లలు ఏవో గింజలు నమిలి పొట్టు అక్కడే ఉమ్మేస్తుంటే జబ్బేమోనని భయపడ్డాను. పొద్దుతిరుగుడు గింజలట. వదినగారు మాత్రం కన్నార్పకుండా చూస్తున్నారు. తిరిగి వస్తుంటే కార్లో అల్లుడుగారు "ఎలా ఉందమ్మా గేమ్? మనవాళ్ళు లాస్ట్‌లో విన్ అయ్యారు చూశావా?" అన్నారు.

"గెలిచారా? నేను అది చూడలేదురా. మూడో నంబరు చొక్కా పిల్లాడికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తావు?"

అప్పటినుంచి ఏప్రిల్ వస్తే చాలు. మనవరాలి గ్రాఫు పుస్తకం ఒకటి తీసుకుని, పిల్లాడికో పేజీ పెట్టారు. ఒక్కో ఆటకి ఒక్కో గడి. పై ఊళ్ళకి వెళ్ళినవాళ్ళని ట్యాబ్‌లో చూసేవారు. ఎన్ని బంతులు విసిరాడు, ఎందరిని వెనక్కి పంపాడు అన్నది పైన. కింద ఒక్క మాట. "తిన్నాడు." "ఎవరితోనో పడలేదు." "ఇంటికి ఫోన్ చేసినట్టున్నాడు." ఇదంతా ఎలా తెలుస్తుందండీ అంటే, "భుజాలు చూడకండి, పాదాలు చూడండి. మొహం అబద్ధమాడుతుంది గానీ పాదం ఆడదు" అనేవారు.

నేను ప్రతిసారీ ఒకటే అడిగేదాన్ని. "వీడు పైకి వెళతాడంటారా?"

"అది మన చేతిలో లేదండీ. ఈ వారం ఎలా ఉన్నాడో చూడడం మన చేతిలో ఉంది."

జట్టులోంచి పంపేసిన పిల్లల పేజీలు చింపేవారు కాదు. చివరి గడిలో "ఇంటికి వెళ్ళాడు" అని రాసి, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఆ పేజీ తీసి చూసుకునేవారు. ఒక పిల్లాడు మాత్రం నాలుగేళ్ళకి అన్ని మెట్లూ ఎక్కి పెద్ద జట్టులో ఆడాడు. టీవీలో వేలమంది జనం లేచి నిలబడి అరుస్తున్నారు. మా అల్లుడుగారు సోఫా ఎక్కి గెంతుతున్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, "ఎడమ కాలి లేసు ఇంకా వదులుగానే కట్టుకుంటున్నాడు" అన్నారు. అంతమందిలో ఆ సంగతి తెలిసినది వాళ్ళమ్మకీ ఈవిడకీ మాత్రమే అయి ఉంటుందనుకున్నాను.

పోయిన ఏడాది ఒక కొత్త పిల్లాడు వచ్చాడు. ఏదో ద్వీపం నుంచి. బంతి విసిరేవాడు. సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు, ఆవిడ వాణ్ణి బక్కోడు అనేవారు. వాడు బంతి వదిలాడంటే నాకు బంతి కనిపించేది కాదు, పట్టుకునేవాడి చేతి తొడుగులో చప్పుడు మాత్రం వినిపించేది. అన్నం ఎవరు పెడుతున్నారో, చలికి స్వెట్టరు ఉందో లేదో అని నా బెంగ నాది. ఆవిడ పుస్తకంలో వాడి గీత మాత్రం వారం వారం పైకే నడిచింది.

ఈ వేసవి మొదట్లో ఒకరోజు ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"వదినగారూ, వాడు చెయ్యి దాచుకుంటున్నాడు. విసిరిన ప్రతిసారీ ప్యాంటుకేసి రాస్తున్నాడు చూడండి. పోయిన నెల ఈ అలవాటు లేదు."

"చెమటేమోనండీ."

"చెమటైతే అరచెయ్యి రాస్తారు. వీడు మోచెయ్యి ఆనిస్తున్నాడు. అబ్బాయి చేత వాళ్ళ కోచ్‌కి ఒక మాట చెప్పిద్దాం."

చుట్టూ ఎవరన్నా విన్నారేమోనని చూశాను. "మనకెందుకండీ! చీరలు కట్టుకున్న ముసలాళ్ళం, వాళ్ళ ఆటగాడి మోచేతి గురించి మనం చెప్పడమేంటి? నవ్వుతారు. సెక్యూరిటీని పిలిస్తే? అల్లుడుగారి గ్రీన్ కార్డుకి ఏమన్నా అయితే?"

"మోచేతికీ గ్రీన్ కార్డుకీ ముడిపెట్టగలిగేది ఈ భూమ్మీద మీరొక్కరే" అని ఆవిడ నవ్వేశారు. నా మొహం చూసి ఆ మాట అక్కడితో వదిలేశారు. నన్ను కంగారు పెట్టడం ఇష్టం లేక ఊరుకున్నారు.

ఆ తర్వాత రెండు వారాలకే ఆవిడకి ఆయాసం మొదలైంది. గుండె బలం తగ్గింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, తెర చూస్తే కళ్ళు తిరిగేవి. పుస్తకం నా చేతికిచ్చారు. "మీరు చూసి రాయండి. చూసిందే రాయండి."

రెండు వారాలు రాశాను. మూడో వారం అల్లుడుగారు వంటింట్లోకి వచ్చి ఫోన్ చూస్తూ అన్నారు: "అత్తయ్యగారూ, మీ బక్కోడికి ఎల్బో పోయిందంట. సర్జరీ. నెక్స్ట్ ఇయర్ కూడా డౌటే."

చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఒంట్లోనే ఇంకోచోటి నరం తీసి మోచేతిలో కుడతారట. పంతొమ్మిదేళ్ళ పిల్లాడు. ఆవిడ చెప్పారు, నేను మనకెందుకన్నాను. ఈ కబురు వింటే ఆవిడ గుండె ఏమవుతుందోనన్నది ఒక భయం. నన్ను ఎలా చూస్తారోనన్నది ఇంకో భయం. ఏ భయం పెద్దదో ఇప్పటికీ చెప్పలేను. ఐదు రోజులు విశ్రాంతి ఇచ్చి ఆరో రోజు విసిరిస్తారని ఎప్పుడో విన్న గుర్తు. వేళ్ళ మీద లెక్కపెట్టి, తేదీలు వేసి, మూడు గడులు నింపేశాను. డెబ్భై బంతులు, ఆరుగురు వెనక్కి. కింద "బాగున్నాడు." మూడు గడుల్లోనూ "బాగున్నాడు."

ఒక మధ్యాహ్నం మజ్జిగన్నం తీసుకెళితే, పుస్తకం తెరిచి పెట్టుకున్నారు.

"వదినగారూ, సోమవారం నాడు ఎవరితో ఆడాడండీ?"

"ఎవరో... పేరు గుర్తులేదండీ."

"సోమవారం ఆట ఉండదు. అది వాళ్ళ సెలవు. మీకోసం పెట్టారా?"

గిన్నె బల్ల మీద పెట్టేశాను.

"చెయ్యి పోయింది కదూ?" అన్నారు మెల్లగా.

మంచం పక్కన కూలబడి మొత్తం చెప్పేశాను. "ఆరోజు మీ మాట విని ఉంటే..." అని ఏడ్చాను.

"చెప్పినా వినేవారో లేదో. వాళ్ళకి డాక్టర్లున్నారు. ఆ తప్పు మీ నెత్తిన వేసుకోకండి, అక్కడ ఇప్పటికే చోటు లేదు." ఊపిరి అందక ఆగారు. "నాకు బాధ అది కాదు. ఈ మూడు వారాలూ వాడు ఎలా ఉన్నాడో నాకు తెలియకుండా చేశారు. పిల్లాడు మంచాన ఉంటే మీరు మైదానంలో నిలబెట్టారు. నా సర్వీసులో ఇంట్లో కూర్చుని రిజిస్టరు నింపినవాళ్ళ మొహం చూసేదాన్ని కాదు. ఇప్పుడు మీ మొహం చూడక తప్పదు, వియ్యపురాలైపోయారు."

ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. ఆవిడా నవ్వారు, నవ్వు దగ్గులోకి తిరిగింది. తర్వాత మనవరాలి రబ్బరు తెప్పించి, ఆ మూడు గడులూ నా చేతే చెరిపించారు.

"ఖాళీగా ఉండనివ్వండి. ఖాళీ గడి అంటే ఎవరూ వెళ్ళి చూడలేదని అర్థం. పేజీ మూసేయకండి. వాణ్ణి మీ కళ్ళతో చూసిన రోజు రాయండి."

"నేనొక్కదాన్నా? మీరు లేకుండానా?"

"వల ఉందిగా" అన్నారు.

తరవాత తొమ్మిదో రోజున ఆవిడ పోయారు. ఒళ్ళో ఉన్న పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది.

పదమూడో రోజు గడిచాక, సీజను ఇంకో వారంలో అయిపోతుందనగా, అల్లుడుగారు గుండు మీద టోపీ పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "అత్తయ్యగారూ, వాడు జట్టుని చూడ్డానికి వచ్చాడంట, డగౌట్‌లో కూర్చుంటున్నాడంట. వెళదామా? మీకు కంగారైతే వద్దులెండి." కంగారే. అయినా చెప్పులు వేసుకున్నాను.

వల వెనక మా పాత కుర్చీల్లో కూర్చుంటే ఆటగాళ్ళు కూర్చునే ఆ గుంటలాంటి చోటు కనిపించదు. మెట్లు దిగి, జనాన్ని దాటుకుని, పక్క కంచె దాకా వెళ్ళాలి. "నేను రానా?" అన్నారు అల్లుడుగారు. వద్దన్నాను. నా అంతట నేను వద్దనడం నాకే వింతగా ఉంది. కమ్మీ పట్టుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగాను. పక్కన ఎక్కడో బ్యాటు చప్పుడైంది, జనం అరిచారు. నేను తల వంచలేదు.

బెంచీ చివర కూర్చున్నాడు. కుడిచేతికి మోచేతి కింద నుంచి భుజం దాకా పట్టీ, ఇనుప కడ్డీలు. ఎడమచేత్తో సంచిలోంచి గింజలు తీసుకుంటున్నాడు. నేను ముందు పాదాలు చూశాను. రెండూ నేల మీద ఆనించి ఉన్నాయి, ఆటలో ఉన్నవాడిలాగే మడమలు కొంచెం లేచి ఉన్నాయి.

ఇంతలో వాడు తలెత్తి నన్ను చూశాడు. తర్వాత నా పక్కన ఖాళీగా ఉన్న చోటు చూశాడు. తర్వాత మెడ సాచి, వల వెనక మేమిద్దరం కూర్చునే కుర్చీల వైపు వెతికాడు. అక్కడ గుండు మీద టోపీతో ఆవిడ కొడుకు ఒక్కడే ఉన్నాడు. వాడు మళ్ళీ నా వైపు తిరిగాడు. గింజల సంచి ఒళ్ళో పెట్టి, తలమీద టోపీ తీశాడు.

రెండు వేసవులు మేము వాణ్ణి చూస్తున్నామనే అనుకున్నాను. వాడూ మమ్మల్ని లెక్క పెట్టుకుంటున్నాడని నాకు తెలియదు. ఆవిడకి తెలిసే ఉంటుంది.

కంచె మీదే పుస్తకం తెరిచాను. చెరిపిన మూడు గడులు, వాటి తర్వాత ఖాళీవి. ఆవిడైతే చీమల్లాంటి అక్షరాలతో ఒక్క మాటలో రాసేవారు. నాకు చేతకాదు. "కుడిచేతికి పట్టీ. ఎడమచేత్తో గింజలు తింటున్నాడు. చూశాను" అని రాశాను. నా అక్షరాలు ఆ గడిలో పట్టలేదు. గీత దాటి, వచ్చే ఆట గడిలోకి వెళ్ళిపోయాయి.