కట్టెయ్యరాని కమ్మి

సాయిచంద్ కరీంనగర్‌లో మా ఆఫీసులోనే పనిచేస్తాడు. మరమగ్గాలకు బిగించే చిన్న కంట్రోల్ పెట్టెలు మావి. దారం తెగినా, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె ఇరుక్కున్నా లోపలి ప్రోగ్రామ్ మగ్గాన్ని ఆపుతుంది. ఆ ప్రోగ్రామే బిగుసుకుపోతే? అప్పుడు దానికి అడుగున ఉండే మూల సాఫ్ట్‌వేర్, అంటే కెర్నెల్, మోటారును ఆపాలి. ఆ కోడ్ ముక్క రాసింది సాయిచంద్.

మా పెద్దసారు దేవదాస్ దానికి ఆప్షన్ పెట్టమన్నాడు. వద్దన్నవాళ్లకు ఆ ముక్క లేకుండా కెర్నెల్ తయారుచేసి ఇవ్వొచ్చట.

"కరెంటు జర అటిటు అయితే ప్రోగ్రామ్ బిగుసుకున్నదనుకొని ఊకె ఆగుతున్నది. మగ్గాల సేట్లు పరేషాన్ చేస్తున్నరు."

"ఆప్షన్ పెడితే అందరు తీసేపిస్తరు సార్."

"కొనేటోళ్ల ఇష్టం. వద్దనెటందుకు నువ్వెవ్వనివి?"

సాయిచంద్ మాట పడే రకం కాదు. ఆ రోజు పడ్డాడు.

వాళ్ల బాపు సిద్దిరాములు సిరిసిల్లలో సాంచలు నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. పాత సాంచలకు నాడె ఇరుక్కుంటే ఆపే కమ్మి ఒకటి ఉంటుంది. కూలేమో మీటర్ల మీద. మాటిమాటికీ ఆగితే ఏం గిట్టుతుంది? అందుకే సాంచ ఆగకుండా అందరూ దాన్ని దారంతో కట్టేస్తారు. సిద్దిరాములూ కట్టాడు. ఓ రోజు నాడె ఎగిరొచ్చి ఎడమ కన్ను పోయింది. ఎవరూ కట్టెయ్యలేని కమ్మి చెయ్యాలనే కొడుకు ఈ పనిలోకి వచ్చాడు.

సారుకు ఈ సంగతి చెప్పమన్నాను.

"జాలి పడుతడు. ఆప్షన్ మాత్రం తియ్యడు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏం లాభం? ఆప్షన్ అతని చేతే రాయించారు.

మొన్న సిద్దిరాములు పనిచేసే షెడ్డులో పెట్టెలు బిగించడానికి ఇద్దరం వెళ్లాం. సాయిచంద్ ఆ ముక్క ఉన్న కెర్నెలే ఎక్కించాడు. కరెంటు ఊగినప్పుడల్లా సాంచ ఆగింది. మధ్యాహ్నానికి బాపు దగ్గరికొచ్చాడు.

"బిడ్డా, పక్క షెడ్డోళ్లయి ఆగుతలేవట. నాది సుత గట్లనే చెయ్యరాదు?"

"ఉన్నది ఒక్క కన్ను బాపూ!"

"గా కన్నున్నదనే సేటు సాంచ ఇచ్చిండు. మీటర్లు తగ్గితే ఇంకొకనికి ఇస్తడు. నువ్వు రాసిందే కదరా, నీకెంతసేపు?"

సాయిచంద్ నా వైపు చూశాడు. ల్యాప్‌టాప్ తెరిచి, తాను వద్దని మొత్తుకున్న ఆప్షన్‌ను తానే వాడుకుని, ఆ ముక్క లేని కెర్నెల్ ఎక్కించాడు.

సాంచ ఆగకుండా నడిచింది. బాపు మొహం విచ్చుకుంది. సాయిచంద్ వెళ్లి ఆయన కుడిపక్కన, మిగిలిన ఆ కంటికీ నాడెకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. బస్సుకు టైమైందని నేనెంత పిలిచినా అక్కణ్నుంచి కదల్లేదు.