చెప్పులు లేని శుక్రవారం

ఆ కబురు నాకు మొదట తెచ్చినది మా ఆడపడుచు ఎస్తేరు. సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీకు వందనాలు చెప్పి తరువాత నా మాట మొదలు పెట్టవలసినది, కాని ఈ సంగతి తలచుకొంటే ముందుగా నా కళ్ళ ముందుకు వచ్చేది కోవిల్‌పట్టిలో మా ఇంటి వాకిట్లో ఎస్తేరు నిలబడిన తీరే, కాబట్టి దానితోనే మొదలు పెడుతున్నాను, మన్నించండి. ఆమె లోపలికి రాలేదు. కొంగు వేలికి చుట్టుకొంటూ, నా మొగం చూడకుండానే చెప్పినది.

"వదినా, నిన్నటి నిప్పు నీ వల్లనే అంటా ఉండారు. నువ్వు చెప్పులతోనే లోపలికి పోయినావంట."

ఇది తొంభైలలోని మాట. మా వీధి ఆడవాళ్ళలో చాలామంది అగ్గిపెట్టెల కంపెనీలో పని చేసేవాళ్ళము, తీపెట్టి ఆఫీసు అనేవాళ్ళము దాన్ని. పుల్లలు పెట్టెల్లో నింపడం మా పని. చెప్పు కింద ఇసుక రేణువు ఉన్నా రాపిడికి నిప్పు పుడుతుందని అందరమూ చెప్పులు గుమ్మం బయట వరుసగా విడిచి లోపలికి పోవాలి, అది అక్కడి కట్టుబాటు. ఆ శుక్రవారం మా గదిలో నిప్పు లేచినది, అందరమూ పడుతూ లేస్తూ బయటికి పరుగెత్తినాము, నా పక్కన కూర్చొని పని చేసే కొండమ్మ మాత్రం మంటలో చిక్కుకొన్నది. ఆమెను మదురై పెద్దాసుపత్రికి తీసుకొని పోయినారు. మరునాడు తక్కిన ఆడవాళ్ళు వచ్చి ఎవరి చెప్పులు వాళ్ళు తీసుకొన్నాక కొండమ్మ జత ఒక్కటే మిగిలినది, నా చెప్పులు ఆ వరుసలో లేవని అట్లా తెలిసినది, అయితే ఆమె లోపలికి వేసుకొని పోయినట్టే అని మేస్త్రీ అన్నాడట, అందరూ తల ఊపినారట.

సహోదరులారా, ఆ శుక్రవారం నేను చెప్పులే వేసుకోలేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు శుక్రవారాలలో ప్రభువు సిలువ మోసిన దారిని తలచుకొని వట్టి కాళ్ళతో నడవడం మా అమ్మ ఇంట్లో నాకు నేర్పిన పద్ధతి. ఏ బోధకుడూ చెప్పినది కాదు. ఇది మనుష్యులకు చెప్పుకొనేది కాదు, చూచే తండ్రి చూస్తాడు అని కూడా అమ్మే నేర్పినది, కాబట్టి మా ఇంటాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుతూనే కంపెనీ వ్యానులో మనిషి మీద మనిషి కిక్కిరిసి పోయేవాళ్ళము, అక్కడ ఎవరి కాళ్ళు ఎవరు చూస్తారు? చూచినది ఒక్క కొండమ్మే. గుమ్మం దగ్గర నా మడమలో ముల్లు దిగితే ఆమే తన ఒళ్ళో నా కాలు పెట్టుకొని తీసినది. ఆ కొండమ్మ ఇప్పుడు నోరు మెదపలేని స్థితిలో మదురైలో ఉన్నది.

నేను కంపెనీకి పోయి నిలబడినాను. నీ చెప్పులు ఏవని మేస్త్రీ అడిగితే మొదట చెప్పడానికి నోరు రాలేదు, చెప్పకూడదని పెరిగినదాన్ని కదా, ఆ తరువాత ఏడుస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. అప్పటికి ఆలస్యమైపోయినది, ఇది ఇప్పుడు కట్టిన కథ, మొగుడి సాక్షి ఒక సాక్షా అన్నారు. మా వీధిదే ఒకామె చేతులు తిప్పుతూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది.

"అట్లయితే మీ ఏసుసామిని పిలువు, వచ్చి సాక్షి చెప్పనీ."

అందరూ నవ్వినారు. నా పని పోయినది సరే, వీధి కుళాయి దగ్గర నా బిందె పెడితే పక్క బిందెలు దూరం జరిగేవి. ప్రార్థన ఇంట్లో కూడా నా చాప మీద ఎవరూ కూర్చొనేవారు కాదు. మదురై పోయి కొండమ్మనే అడిగి రా అని మా ఇంటాయన అన్నాడు, కాని కాలిన మనిషి మంచం పక్కన నిలబడి నా పేరు నిలబెట్టమని ఎట్లా అడిగేది? పోలేకపోయినాను. ఆమె ప్రాణం కోసం మాత్రం ప్రార్థించినాను. చివరకు ఊరే విడిచి విరుదునగర్ చేరినాము, అక్కడ పప్పు మిల్లులో ఆయనకు మూటలు మోసే పని దొరికినది.

విరుదునగర్‌లో మమ్మల్ని ఎరిగినవారు లేరు. అయినా నేను అక్కడి ప్రార్థన ఇంటికి అందరికన్నా చివర పోయి, ముసుగు కిందికి లాక్కొని, అందరికన్నా ముందే వచ్చేసేదాన్ని, ఎవరైనా ఏ ఊరమ్మా అని అడిగితే వినబడనట్టు నడిచిపోయేదాన్ని. నీ కోసం వట్టి కాళ్ళతో నడిచినందుకా ప్రభువా నాకీ గతి అని లోపల ఒకటే మంట. నేను చేసిన ప్రార్థన ఇదే: "ప్రభువా, నువ్వు చూచినావు. నువ్వు చూచినావని నాకు తెలిస్తే చాలాలి, కాని చాలడం లేదు, నాకు సిగ్గుగా ఉన్నది." ఏ స్వరమూ వినబడలేదు, ఏ దర్శనమూ రాలేదు, నిజమే చెబుతున్నాను. కాని ప్రార్థించకుండా ఒక్క పూట కూడా ఉండలేకపోయినాను, కోపంతోనైనా ఆయనతోనే మాట్లాడుతూ వచ్చినాను. ఆయన నా చెయ్యి విడువకుండా పట్టుకొని ఉండడమంటే అదేనని అప్పుడు నాకు తెలియలేదు.

ఇట్లా ఏండ్లు గడిచినవి. ఒకనాడు మా చిన్నదానికి జ్వరమని విరుదునగర్ ప్రభుత్వ ఆసుపత్రికి పోయి వరుసలో నిలబడినాను. ముందు ఒకామె తిరిగి చూచినది. మెడ నుండి చెంప దాకా కాలిన చర్మం ముడుచుకొని ఉన్నది. గుర్తు పట్టినాను, గుర్తు పట్టి కొంగు మొగానికి అడ్డం పెట్టుకొని పక్కకు తిరిగినాను. వెనక నుండి ఆ గొంతు వినబడినది.

"ఏమక్కా, నన్ను చూసి మొగం తిప్పుకొంటివే. అంత భయంగానా ఉండాను?"

"నీ మొగానికి కాదే కొండమ్మా," అన్నాను, "నా మొగం నీకెట్ల చూపించేది? నిన్ను కాల్చినది నేనని గదా ఊరంతా అనుకొనేది."

ఆమె నన్నట్లే చూచినది. "నువ్వేం చేస్తివి? ఆ పొద్దు నీ కాల్లో ముల్లు తీసింది నేనే గదా. మేస్త్రీ ఇనప పెట్టెని నేల మీద ఈడ్చె, నిప్పు లేచె. మదురైలో అడిగినోళ్ళకి అదే చెప్తిని. కంపెనీ మనిషి పక్కనే నిలబడి, మందులు కావాలంటే నోరు మూసుకో అనె. చెప్పొద్దని మా అమ్మ గూడా నా కాళ్ళు పట్టుకొని ఏడ్చె. నీ మీద నింద పెట్టిరని తెలిసె, ఏ మొగంతో వచ్చేది నీ దగ్గిరికి?"

నేను ఆమెను చూడడానికి సిగ్గుపడి దాక్కొన్నాను, ఆమె నన్ను చూడడానికి సిగ్గుపడి దాక్కొన్నది. ఆసుపత్రి విడిచినాక ఆమె వాళ్ళూ విరుదునగర్‌కే చేరినారట. ఒకే ఊళ్ళో ఉండి, బజారులో ఒకరి వెనక ఒకరం నడిచి కూడా ఉంటాము. ఆ వరుసలో ఇద్దరమూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చినాము, నర్సమ్మ వచ్చి కసిరే దాకా.

కొండమ్మ ఊరికే ఉండలేదు. నాతో బస్సెక్కి కోవిల్‌పట్టి వచ్చినది. మనుష్యుల ముందుకు పోవడానికి జంకే మనిషి, మా వీధి కుళాయి దగ్గర ముసుగు తీసి నిలబడి జరిగినదంతా చెప్పినది. అప్పటికి ఆ కంపెనీ మూతబడినది, మేస్త్రీ ఎటు పోయినాడో తెలియదు, ఎవరికీ ఏ శిక్షా పడలేదు. కాని ఎస్తేరు నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొనిపోయి అన్నం పెట్టినది. నన్ను ఆనాడు ఎగతాళి చేసిన ఆమె తల వంచుకొని మా ఇద్దరికీ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చినది. దేవునికే మహిమ.

ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉన్నది, లోకం పెట్టిన నింద పోయినది కాని దేవుడు చూచినది చాలదని ఏడ్చినందుకు ఆయన ముందు సిగ్గు. మీలో చెయ్యని తప్పుకు తల వంచుకొని బతుకుతున్నవారు ఉంటే, న్యాయం ఎప్పుడు వస్తుందో నేను చెప్పలేను, కాని ఆయన మీ పక్కన లేడని మాత్రం అనుకోకండి. కోపం వచ్చినా ఆయనకే చెప్పండి, ఆయన వింటాడు.

చివరగా ఒక్క మనవి. కొండమ్మ మన విశ్వాసంలో లేదు, నీ సామికి నా పేరు చెప్పక్కా అని మాత్రం అంటుంది. కాలిన రెప్ప ముడుచుకుపోయి ఆమె కుడి కన్ను నిద్రలో కూడా మూతపడదు. మీరు ప్రార్థనకు కళ్ళు మూసుకొన్నప్పుడు, ఆ కన్ను మూయలేని కొండమ్మను తలచుకోండి.