ఒక గది, ఇద్దరి పేర్లు

మా సూదిపిన్నికి భయమంటే ఏమిటో తెలియదని ఇంట్లో అందరం అనుకునేవాళ్ళం. పదకొండేళ్ళు ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసిన మనిషి. నరం దొరకని ముసలివాళ్ళ చేతిని రెండు వేళ్ళతో తడిమి, "ఇదిగో, ఇక్కడ దాక్కుంది దొంగ" అంటూ ఒక్క పోటుతో పని ముగించేది. ల్యాబు పక్కనే శవాల గది. అటువైపు వెళ్ళాలంటే కొత్త నర్సులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవారు. పిన్ని ఆ గుమ్మం పక్క బల్ల మీదే డబ్బా విప్పుకుని అన్నం తినేది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు, "చెయ్యి చాపండి, ముందు మీ షుగర్ చూద్దాం" అని జవాబు. మా అమ్మకు సొంత చెల్లెలు.

ముప్పై ఆరో ఏట ఉద్యోగానికి సెలవు పెట్టి, అదే పనిలో పైచదువు చదవడానికి పరాయి దేశం వెళ్ళింది. రెండేళ్ళ కోర్సు. తరగతిలో అందరికంటే పెద్దది తనే. మొదటిరోజు గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలు టీచరనుకుని గప్‌చుప్‌గా కూర్చున్నారట. అయిదంతస్తుల పాత మేడలో చిట్టచివరి అంతస్తున ఒక గది దొరికింది. ఒక మంచం, బల్ల, కుర్చీ, ముఖం కడుక్కునే సింకు, నీళ్ళు కాచుకునే కెటిల్. కప్పు ఒకవైపు వాలి ఉండటంతో మంచం మీంచి చటుక్కున లేస్తే నెత్తి బొప్పి కట్టేది. స్నానాల గది వరండా చివర ఉంది. ఆ అంతస్తులో మిగిలిన రెండు గదులకూ ఎప్పటివో తాళాలు. ఇంటి యజమానురాలు కింది అంతస్తులో ఉండే ఓ ముసలావిడ. పిన్ని ఆవిణ్ణి మామ్మగారూ అని పిలిచేది. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి రావడం పిన్ని పద్ధతి.

విద్యార్థిగా ఆ దేశంలో ఉండటానికి ఇచ్చిన పర్మిట్ మొదట ఒక్క ఏడాదికే. గడువు తీరకముందే పొడిగింపుకు అర్జీ పెట్టుకోవాలి, లేదంటే చదువు మధ్యలోనే పెట్టె సర్దుకోవాలి. పాస్‌పోర్టు, కాలేజీ ఇచ్చిన ఉత్తరం, బీమా కాగితం, ఫోటోలు అన్నీ పిన్ని నెలరోజుల ముందే సిద్ధం చేసుకుంది. రక్తం గొట్టాలకు అంటించినట్టు ఒక్కోదానికీ చీటీ రాసి మరీ అంటించింది. మిగిలిందల్లా ఫలానా ఇంట్లో ఉంటున్నట్టు మునిసిపల్ ఆఫీసు ఇచ్చే నివాస పత్రం. అది అయిదు నిమిషాల పని అని అందరూ చెప్పారు.

మూడో కౌంటర్లో కళ్ళజోడుకు గొలుసు కట్టుకున్న గుమాస్తా ఒకావిడ ఉంది. కంప్యూటర్లో చిరునామా కొట్టి, తెర వంకా పిన్ని వంకా రెండుసార్లు చూసింది.

"మీతోపాటు ఉంటున్నావిడ రాలేదా?"

"నాతో ఎవరూ లేరండీ. ఒక్కదాన్నే ఉంటాను."

"ఆ గదిలో ఇద్దరి పేర్లున్నాయి. ఆవిడ మీకంటే మూడేళ్ళు ముందు నమోదైంది. ఆవిడా విద్యార్థే. ముందున్న మనిషి ఒప్పుకున్నట్టు సంతకం ఉంటేనే మీకు పత్రం ఇవ్వగలను. పోయినేడాది ఎవరూ చూసుకోలేదు, ఇప్పుడు ఈ కొత్త కంప్యూటర్ పట్టేసింది."

"ఎప్పుడో ఖాళీ చేసి ఉంటుందండీ. పేరు తీయించుకోవడం మరిచిపోయి ఉంటుంది."

గుమాస్తా మళ్ళీ తెర చూసింది. "రెండు నెలల కిందటే ఆవిడ ఇక్కడికొచ్చింది. ఇంకా ఆ గదిలోనే ఉంటున్నానని సంతకం పెట్టి వెళ్ళింది."

గుమాస్తా రెండు ఫారాలు ఇచ్చింది. ఒకటి ఆ రెండో మనిషి సంతకం చేయాల్సింది. రెండోది, ఆ మనిషి అక్కడ లేదని పిన్ని రాసివ్వాల్సింది.

"రెండోది రాసిస్తే ఆ పేరు కొట్టేస్తాం. కానీ బాగా చూసుకుని రాయండి. అబద్ధమని తేలితే మీ పర్మిట్ అర్జీ అక్కడితో ఆగిపోతుంది."

గడువుకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

పిన్ని నేరుగా మామ్మగారి దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆవిడ చేతిలోని తువ్వాలు మడతపెడుతూనే ఉంది, తల ఎత్తలేదు. "కాగితాల్లో సవాలక్ష ఉంటాయమ్మా. నీ గదిలో నువ్వున్నావు, ఇంకెవరుంటారు?" అంది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

ఆ సాయంత్రం గదిలోకి అడుగుపెట్టినప్పుడు పిన్ని మొదటిసారి ఆ గదిని పరీక్షగా చూసింది. సబ్బు తడిగా ఉంది. పొద్దున ఏడింటికి వాడిన సబ్బు సాయంత్రం ఆరింటికి తడిగా ఉండటమేమిటి? అంతకుముందు కూడా ఎన్నోసార్లు అలాగే ఉంది, తనే పట్టించుకోలేదు. కుర్చీ బల్లకిందకి పూర్తిగా తోసి ఉంది. తనకు ఆ అలవాటు లేదు. తన కోటుకు ఊడిపోబోతున్న గుండీ ఒకటి పోయిన నెలలో ఏదో పూట గట్టిగా ఉండటం చూసి, కుట్టుకుని మరిచిపోయానేమో అనుకుంది. ఇప్పుడు దీపం కిందకి తెచ్చి చూసింది. మిగతా గుండీలకు నల్లదారం, దానికి మాత్రం ముదురు నీలం. పిన్ని పెట్టెలో నీలం దారం లేనేలేదు.

రెండ్రోజుల తర్వాత పిన్ని హడావిడిలో ఫోన్ బల్లమీదే మరిచిపోయి కాలేజీకి వెళ్ళింది. సాయంత్రం వచ్చాక మా అమ్మ ఫోన్ చేసి దులిపేసింది.

"మధ్యాహ్నం చేస్తే ఎత్తావు, ఒక్క ముక్క పలకవేం? హలో, హలో అని నేనిక్కడ గొంతు చించుకుంటుంటే అట్లా ఊపిరి తీస్తూ కూర్చుంటావా? అక్కంటే అంత చులకనైపోయిందా?"

"నేను ఎత్తానా?"

"మరి నీ గదిలో ఇంకెవరెత్తుతారే? చెల్లీ అని పిలిస్తే ఏడుస్తున్నట్టు ఓ చప్పుడు చేసి పెట్టేశావు. ఒంట్లో బాగుందా అసలు?"

జలుబు చేసిందని పిన్ని అబద్ధం చెప్పింది. ఫోన్ పెట్టేశాక గోడకు వీపు ఆనించి కూర్చుందట. తెల్లవారేదాకా మంచం మీద అటు తిరగలేదు, ఇటు తిరగలేదు.

మర్నాటి నుంచి తనకు తెలిసిన పద్ధతిలోనే పనిలోకి దిగింది. ల్యాబులో గొట్టాలు మూయడానికి వాడే సన్నటి టేపు తెచ్చి కెటిల్ మూతకూ, కిటికీ రెక్కకూ, దుప్పటి అంచుకూ అంటించింది. కెటిల్లో నీళ్ళెంతున్నాయో గుర్తు పెట్టుకుంది. సాయంత్రం వచ్చి చూస్తే అన్ని టేపులూ యథాస్థానంలో ఉన్నాయి. హమ్మయ్య అనుకోబోయి వంగి చూసింది. తాను అంటించినప్పుడు కెటిల్ మీది టేపు కాస్త వంకరగా ఉంది. ఇప్పుడు తిన్నగా ఉంది. నీళ్ళు రెండు వేళ్ళు తగ్గాయి.

శవాల గది పక్కన అన్నం తిన్న మనిషికి ఆ తిన్నని టేపు చూసి ముచ్చెమటలు పోశాయి. దొంగయితే చింపేసి పోయేవాడు, తన గురించి ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది? తాళం మార్పించడమా, పోలీసులకు చెప్పడమా అని ఆలోచించి, ఏం చేయాలన్నా ముందు కళ్ళారా చూడాలనుకుంది.

బుధవారం మధ్యాహ్నం తరగతి ఎగ్గొట్టి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. నాలుగో అంతస్తు దాటుతుండగా పైన నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. గది తలుపుకు తాళం లేదు. తోస్తే తెరుచుకుంది, లోపల ఎవరూ లేరు. కిటికీ తెర వేసి ఉంది. మంచం మీద దుప్పటి సర్ది ఉంది. పిన్ని అరచెయ్యి దాని మీద పెట్టి చూసింది. ఎన్ని వేల చేతులు పట్టుకున్న చెయ్యి అది, పొరపడదు. మనిషి ఒంటి వేడి.

వరండా చివర నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

స్నానాల గది తలుపుకు పైసగం మసక అద్దం. దాని వెనక ఒక నీడ కదలకుండా నిలబడి ఉంది. ఎత్తు పిన్ని అంతే ఉండొచ్చు. తలుపు కింద నుంచి పిన్ని ఇంట్లో వాడే ఆకుపచ్చ స్లిప్పర్లు కనబడుతున్నాయి, వాటిలో తడి కాళ్ళు.

"నేను... ఆ గదిలో ఉంటాను" అంది పిన్ని. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

నీడ కొంచెం వెనక్కి జరిగింది, అంతే. గొళ్ళెం మీద చెయ్యి వేద్దామనుకుంది పిన్ని. చెయ్యి లేవలేదు. వెనక్కి వెనక్కి నడిచి, మెట్లు ఎలా దిగిందో కూడా తెలియకుండా మామ్మగారి గుమ్మంలో పడింది.

ఈసారి మామ్మగారు దాచలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, తాగడానికి నీళ్ళిచ్చి, మెల్లగా చెప్పింది.

"నీకంటే ముందు ఆ గదిలో ఉన్న పిల్ల. చదువుకోడానికే వచ్చింది, నీలాగే. రెండో ఏడు పర్మిట్ పొడిగించుకోవాల్సిన వారంలో జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడింది. లేచి వెళ్ళేసరికి గడువు దాటి రెండు రోజులైంది. కుదరదన్నారు. కాలేజీవాళ్ళు పేరు తీసేశారు. ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనని ఉండిపోయింది. రాత్రిళ్ళు ఆఫీసుల్లో తుడిచే పని చేస్తుంది. పగలు పడుకోడానికి చోటు లేదు. నువ్వేమో ఏడింటికి వెళ్ళిపోతావు. అది ఎనిమిదింటికి వస్తుంది. మంచం ఖాళీగానే ఉంటుంది కదా అని తాళంచెవి దాని దగ్గరే ఉంచేశాను."

"నాకెందుకు చెప్పలేదు మామ్మగారూ?"

"చెబితే నువ్వు వెళ్ళిపోతావు. లేదంటే దాన్ని పొమ్మంటావు." ఆవిడ ఖాళీ గ్లాసు అందుకుంది. "నిజం చెప్పనా అమ్మాయ్, నేనూ దాని ముఖం చూసి ఏడాదైంది. నాకంట పడకుండా ఎక్కుతుంది, దిగుతుంది. పొద్దున ఎనిమిదింటికి పైన అడుగుల చప్పుడు వినిపిస్తే ఉందిలే అనుకుంటాను. ఆదివారాలు ఎక్కడుంటుందో ఆ దేవుడికే తెలియాలి."

"మునిసిపల్ ఆఫీసుకు మాత్రం వెళ్ళి సంతకం పెట్టొచ్చింది."

"ఆ కౌంటర్లో పర్మిట్ అడగరు కదా. ఆ పేరొక్కటి అక్కడ ఉంటేనే ఒంట్లో బాగా లేకపోతే ఆసుపత్రిలో చూస్తారు. దానికి ఇంకేం మిగిలిందని."

పిన్ని పైకి వెళ్ళేసరికి స్నానాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. స్లిప్పర్లు కడిగి, గోడకు ఆనించి ఆరబెట్టి ఉన్నాయి.

ఆ వారమంతా పిన్ని బల్లమీద రెండు ఫారాలూ పెట్టుకుని కూర్చునేది. "లేదు" అని రాసిస్తే రేపే తన పత్రం చేతికొస్తుంది. పేరు కొట్టేస్తారు, తాళం మార్పించుకుంటే పీడ విరగడవుతుంది. కానీ ఉన్న మనిషిని లేదని రాయడానికి కలం కదల్లేదు. "చచ్చినవాళ్ళ కాగితాల మీద కూడా పేరు తప్పు పడకుండా చూసిన దాన్నే నేను" అంది నాతో, ఈ సంగతి చెప్పినప్పుడు.

చివరికి మొదటి ఫారం బల్ల మధ్యలో పెట్టి, పక్కన ఒక చీటీ రాసింది. 'గురువారం లోపు మీ సంతకం కావాలి. లేకపోతే నా చదువు ఆగిపోతుంది. నేను మిమ్మల్ని పొమ్మనడం లేదు.' పైన కలం పెట్టింది.

మొదటి రోజు ఫారం అలాగే ఉంది, అంచులు మాత్రం బల్ల అంచుకు సమానంగా సర్ది ఉన్నాయి. రెండో రోజూ అంతే. కలం మాత్రం మూత తీసి మళ్ళీ పెట్టినట్టుంది. మూడో రోజు బుధవారం. సాయంత్రం వచ్చి చూస్తే సంతకం ఉంది. కాగితం వెనక వేలితో తడిమితే తగిలేంత గట్టిగా నొక్కి పెట్టిన సంతకం. పిన్ని చీటీ కిందే మరో వాక్యం రాసి ఉంది.

'నా పేరు కొట్టించకండి.'

గురువారం కౌంటర్లో గుమాస్తా ఆ సంతకాన్ని పాత సంతకంతో పోల్చి చూసి తలూపింది. స్టాంపు గుద్దుతూ, "ఆవిడ బాగున్నారా?" అంది మాటవరసకి.

"బాగానే ఉన్నారండీ" అంది పిన్ని. ముఖం కూడా ఎరగని మనిషి గురించి అంత తొణక్కుండా ఎలా చెప్పానా అని బయటికొచ్చాక ఆశ్చర్యపోయిందట. మర్నాడే పర్మిట్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, వేలిముద్రలు వేసొచ్చింది. మూడు వారాలకు కొత్త కార్డు వచ్చింది, ఇంకో ఏడాదికి.

తాళం మార్పించలేదు. ఆ తర్వాత ఏడునెలలు ఇద్దరూ ఒకే మంచం మీద వంతులవారీగా పడుకున్నారు. పిన్ని సబ్బు రెండుగా కోసి పెట్టింది. బల్లమీద సగం రొట్టె కప్పిపెట్టి వెళ్ళేది. సాయంత్రానికి పళ్ళెం కడిగి బోర్లించి ఉండేది. పిన్ని చీటీలు రాసేది, ఏమని పిలవాలి, ఏ ఊరు, ఒకసారి కలుద్దామా అని. ఒక్కదానికీ జవాబు లేదు. పరీక్షల ముందు రోజు మాత్రం పిన్ని పుస్తకంలో ఒక లెక్క పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు, దాని కింద సరిదిద్దిన అంకె. చూస్తే నిజంగానే పిన్ని తప్పు చేసింది.

చలికాలంలో ఒకనాడు పళ్ళెం మీద మూత తీయకుండానే ఉంది. మర్నాడూ, ఆ వారమంతా అంతే. రెండో సబ్బు ముక్క ఎండి పగుళ్ళిచ్చింది. పిన్ని పరుగున కిందికి వెళితే, మామ్మగారు కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"వారమైంది అమ్మాయ్. పైన చప్పుడు లేదు."

ఎవరూ రాని ఆ గదిలో పడుకోవడానికే ఎక్కువ భయమేసిందని పిన్ని అంటుంది. ఆఫీసులు తుడిచే నాలుగు కంపెనీలకు వెళ్ళి ఫారం మీద చూసిన పేరు చెప్పింది. తెలియదన్నారు, లేదా తెలిసినా చెప్పలేదు. ఆసుపత్రుల్లో అడిగింది. పోలీసుల దగ్గరికి వెళితే, పర్మిట్ లేని ఒక మనిషిని తనే పట్టించినట్టవుతుందని గుమ్మందాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మామ్మగారు మాత్రం రోజూ ఎనిమిదింటికి రేడియో ఆపేసి చెవులు రిక్కించి కూర్చునేది.

చదువు పూర్తయింది. తిరిగొచ్చే ముందు పేరు తీయించుకోవాలని నియమం కాబట్టి పిన్ని మళ్ళీ మూడో కౌంటర్‌కు వెళ్ళింది. గొలుసు కళ్ళజోడు ఆవిడే ఉంది. పిన్ని పేరు కొట్టేసి, "మరి రెండో ఆవిడ?" అంది.

పిన్ని తన కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"ఆవిడ ఉంటున్నారండీ."

ఇప్పుడు పిన్ని పాత ల్యాబుకే పెద్దయింది, కింద ఆరుగురు పనిచేస్తారు. మొన్న నేను వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పి, గ్లౌజులు వేసుకుంటూ లేచింది. బయట బల్లమీద పదిమంది కూర్చుని ఉన్నారు.

"ఆవిడ ఏమై ఉంటుంది పిన్నీ?" అన్నాను ఉండబట్టలేక.

"తెలీదే" అంది. "ఇంటికి వెళ్ళిపోయిందనే అనుకుంటాను. అనుకుంటాను గానీ, ఆ మామ్మగారికి నెలకోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను."